పచ్చిది దాటకూడదు

శనివారం మెహికాలీలో బజారు చేసుకుని
ఇంటికి తిరిగొచ్చే లైను,
మాడు పగిలే ఎండలో రెండు గంటలు.
అమ్మమ్మ ఎవులాలియా చేతిలో నైలాన్ వల సంచీ,
అందులో కిలోన్నర జామపళ్లు.

పచ్చి పండు దాటనివ్వరని తెలుసు ఆవిడకి.
తెలిసే కొనేది, ప్రతి వారం.
గేటు వచ్చేలోగా మా చేత తినిపించేది,
నా చేతా తమ్ముడు ఎఫ్రేన్ చేతా.
ముందువాళ్లు ఒకడుగు కదిలితే
మాకు ఒక కొరుకు.
"గింజలు ఉమ్మకండి, మింగండి.
కడుపులోకి తొంగిచూసే మిషను
వీళ్ల దగ్గర ఇంకా లేదు."

మా ఊరు కాలెక్సికో.
కాలిఫోర్నియా ముక్కకి మెక్సికో ముక్క అతికిన పేరు.
అవతలి ఊరిదీ అదే గుడ్డ,
తిరగేసి కుట్టారు, అంతే.
కుట్టు మాత్రం ఇనుముతో వేశారు.

నా పేరు నియేవెస్, అంటే మంచు.
నలభై ఆరు డిగ్రీల ఊళ్లో
మా అమ్మకి ఆ పేరు ఎలా తోచిందో!
మూడో తరగతిలో హాస్కెల్ టీచరమ్మ నోరు తిరక్క
దాన్ని నీవా చేసింది.
ఇప్పటికీ బ్యాంకులో నీవానే.
డబ్బు లెక్క మాత్రం
పెదవి కదపకుండా స్పానిష్‌లో పెట్టుకుంటాను.

అవతల పిన్ని పిల్లలు నన్ను "పోచా" అనేవాళ్లు.
మగ్గిపోయి రంగు వెలిసిన పండు అని.
నేను వాక్యం మధ్యలో తడబడితే
వాళ్లు ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు.
ఇవతల బడిలో అదే తడబాటుకి
వారానికి రెండుసార్లు వేరే గదికి పంపేవారు.

నాన్న రాత్రి రెండింటికే లేచేవాడు,
లెట్యూస్ కోతకి.
ఆయన బూట్లకి అంటిన మట్టి ఏ దేశానిదో
వాకిలి తుడిచే అమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఆ శనివారం బూత్‌లో ఎరిబెర్తో ఉన్నాడు.
మా వీధే, మూడో ఇల్లు.
వాడి చిన్నప్పుడు వాళ్లమ్మ ప్యాకింగ్ షెడ్‌కి పోతే
వాడి ముక్కు చీది, చారు పోసి,
మా సోఫాలో పడుకోబెట్టింది అమ్మమ్మే.
ఇప్పుడు నడుముకి తుపాకీ, కళ్లకి నల్లద్దాలు.

"పౌరసత్వం?" అన్నాడు, ఇంగ్లీషులో.
మా ముగ్గురి కార్డులూ బల్ల మీద పెట్టింది.
"డిక్లేర్ చేసేవి ఏమైనా ఉన్నాయా?"

నేను లేవనబోయాను.
అమ్మమ్మ సంచీలో చెయ్యి పెట్టి
ఒక జామపండు తీసింది.
ఎప్పుడు దాచిందో!
పసుపుపచ్చగా, బాగా పండినది,
బూత్ అంతా వాసన.
వాడి ముందు పెట్టి ఊరుకుంది.

వాడు అద్దాలు తియ్యలేదు.
మా వెనక ఎవరో హారన్ కొట్టారు.
రెండు వేళ్లతో పండు పట్టుకుని,
వంగి, మెల్లగా
చెత్తడబ్బాలో పెట్టాడు.
విసరలేదు, పెట్టాడు.
ఆ తేడా అమ్మమ్మ చూసిందో లేదో నాకు తెలీదు.
"నెక్స్ట్" అన్నాడు.

ఇంటి దాకా ఆవిడ మాట్లాడలేదు.
ఎఫ్రేన్‌కి కడుపు నొప్పి.

మర్నాడు వాళ్లమ్మ రెఫూహియో
ఎరువు తీసుకున్న గిన్నె ఇవ్వడానికి వచ్చింది.
ఎండ గురించి మాట్లాడుకున్నారు,
కరెంటు బిల్లు గురించి,
ఎవరిదో మోకాలి ఆపరేషన్ గురించి.

తర్వాతి శనివారం అమ్మమ్మ
మెహికాలీలో చెల్లెలి పొయ్యి మీద
జామగుజ్జూ పంచదారా వేసి
మూడు గంటలు కలుపుతూ కూచుంది.
ఇటుకలా గట్టిపడ్డాక కాగితం చుట్టింది.
ఉడికినదానికి అడ్డు లేదు.
బూత్‌లో ఎవరో కొత్త కుర్రాడు
వాసన చూసి, నవ్వి, పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి దాన్ని సగానికి కోసి
ఒక ముక్క నా చేతిలో పెట్టింది:
"మూడో ఇంట్లో ఇచ్చి రా.
ఉడికించిందేనని చెప్పు వాడికి."